సూర్యుడికి మూరెడు దగ్గరగా

తిరువూరులో కంట్రోలరు వెంకటాద్రి గారికి నీడంటే పడదు. కొందరికి పిల్లులంటే పడదు, కొందరికి బావమరుదులంటే పడదు, ఈయనకు నీడంటే పడదు. చెట్టు కింద నిలబడమంటే నోటికొచ్చినట్టు తిట్టారన్నంత బాధగా చూస్తాడు. పెళ్ళికి పిలిస్తే పందిట్లో కుర్చీ వదిలేసి, వంటవాళ్ళ పొయ్యిల పక్కన మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతులు కట్టుకుని నిలబడతాడు. అక్షింతలు కూడా అక్కణ్ణించే విసురుతాడు. అవి పెళ్ళికొడుకు దాకా వెళ్ళవు. దారిలో గుమ్మడికాయ పులుసులో పడతాయి.

రిటైరయ్యేదాకా ఆయన తిరువూరు బస్టాండులో కంట్రోలరు. అంటే ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి. ఆ ఉద్యోగానికి ఫ్యాను కింద ఓ గది ఉంటుంది, కుర్చీ ఉంటుంది, మైకు ఉంటుంది. ఈయన మైకును తీగతో సహా కిటికీలోంచి బయటకు లాక్కుని, ఎండలో నిలబడి బస్సుల్ని పిలిచేవాడు. లోపల కుర్చీలో ఏ చంటిపిల్ల తల్లో, ఏ ముసలాయనో కునికిపాట్లు పడుతూ ఉండేవారు. వచ్చిన పై అధికారులు ఇదేం చోద్యమని అడిగితే, ఎండలో గొంతు బాగా పలుకుతుందని జవాబిచ్చేవాడట.

ఇక బస్సెక్కితే ఇంకో తంతు. విజయవాడ వెళ్ళే పొద్దుటి బస్సులో ఊరంతా కుడివైపు కిటికీల కోసం కొట్టుకుంటుంది, ఎండ ఎడమవైపు కొడుతుంది కనక. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సూ తిరుగుతుంది, పొద్దూ తిరుగుతుంది, కాబట్టి మళ్ళీ ఎడమవైపే ఎండ. వెంకటాద్రి గారు రెండుసార్లూ ఎడమవైపే కూర్చుంటాడు. అందుకే ఆయన ఎడమ చెంప కుడి చెంప కన్నా ఒక వన్నె నలుపని ఆయన భార్య హనుమాయమ్మ పదిమందిలో ఒట్టేసి చెబుతుంది. చెప్పొద్దూ, దగ్గరగా చూస్తే నిజమే.

అసలు ఈ ఎండ పిచ్చికి ముందుగా బలైంది ఆ హనుమాయమ్మే. పొద్దు ఇంకా పూర్తిగా పొడవకముందే ఆయన పెరట్లో నిలబడి బస్టాండు గొంతుతో అరిచేవాడు. "ఎండ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. వడియాలు గలవారు త్వరపడవలెను." ఆవిడ త్వరపడేది. మాగాయ ముక్కలు, మిరపకాయలు, పరుపులు, దిండ్లు అన్నీ మేడెక్కేవి. పక్కింటివాళ్ళ చీరలు నీడలో ఆరుతున్నా చూడలేక, పిట్టగోడ దాటి వెళ్ళి వాటిని ఎండలోకి జరిపి వచ్చేవాడు. ఆ చీరల రంగులు వెలిసిపోయినందుకు చీవాట్లు తినేది మాత్రం హనుమాయమ్మ.

ఎండతో పప్పుడికించే పెట్టె ఒకటి కొన్నాడు. మూతకు అద్దం ఉన్న నల్లటి పెట్టె అది. గ్యాసు సిలిండరు ఇక ఆ ఇంట్లో నిమిత్తమాత్రమన్నాడు. ఆ వారమే హనుమాయమ్మ అన్నగారు చుట్టపుచూపుగా వచ్చాడు. పప్పు పెట్టెలోకి వెళ్ళింది, బావమరిది కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు, సరిగ్గా అప్పుడే ఓ మబ్బు వచ్చి తిరువూరు మీద తిష్ఠ వేసింది. వెంకటాద్రి గారు పెట్టె పట్టుకుని ఎండ ఎక్కడ కనిపిస్తే అక్కడికి, పెరట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఎదురింటి మేడ మీదికి పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నం భోజనం దీపాలు పెట్టాక జరిగింది. పప్పు ఎలా ఉంది బావా అనడిగితే, వేడిగా ఉంది బావా అన్నాడు ఆ పెద్దమనిషి. అంతకుమించి ఆయన్ని ఏమనమంటారు.

పోనీ ఇదంతా వట్టి చాదస్తమా అంటే, దానికో సిద్ధాంతం ఉంది. ఏసోబు టీకొట్టు ముందు బల్ల మీద, రేకు నీడ వదిలేసి ఎండ పడే కొసన కూర్చుని ఆ సిద్ధాంతం చెప్పేవాడు. మన దేశానికి చమురు ఓడల్లో వస్తుంది. గ్యాసు ఓడల్లో వస్తుంది. బొగ్గు కూడా కొంత ఓడల్లోనే వస్తుంది. ఎక్కడో ఇద్దరు రాజులు కొట్టుకుంటే ఇక్కడ ఆటో చార్జీ పెరుగుతుంది. ఎండ మాత్రం ఎవరినీ అడక్కుండా పొద్దున్నే మన పెరట్లోకి వస్తుంది. వచ్చిన చుట్టానికి మర్యాద చెయ్యకుండా గొడుగు అడ్డం పెడతారేంటయ్యా అని వాపోయేవాడు. వినేవాళ్ళు రేకు నీడలో హాయిగా టీ తాగుతూ నిజమే నిజమే అనేవాళ్ళు. అందులో ఏసోబుకు ఆ పాఠం మొత్తం కంఠతా వచ్చేసింది.

అలాంటి ఊరికి సోలారు కంపెనీ వచ్చింది. పెనుగొలను ఊరి పక్కన మెరక మీద చాలా భూమి బీడుగా పడి ఉంది. కంది వేస్తే కంది ఎండిపోతుంది, ఏమీ వేయకపోతే పల్లేరు మొలుస్తుంది, అంత ఘనమైన నేల. దాన్నంతా కౌలుకు తీసుకుని, వరసలు వరసలుగా ప్యానెళ్ళు పరిచి, ఆ కరెంటును లైనుకు కలుపుతామన్నారు. రైతులు ఎగిరి గంతేశారు. అందరికన్నా ముందు వెంకటాద్రి గారికి శుభాకాంక్షలు చెప్పారు, పెళ్ళి ఆయనదే అన్నట్టు. ఆ మెరకకు రోడ్డు వైపున ఉన్న భూమి చెక్క ఆయనదే. ఆయన ఒప్పుకుంటేనే లారీలు లోపలికి పోతాయి. ఎండ పిచ్చివాడి చేతికి ఎండ తాళం దొరికిందని ఊరు నవ్వుకుంది.

ఆ సంబరంలో ఏడుపు మొహం పెట్టింది ఒక్క జోజమ్మే. పెనుగొలను మనిషి. పొలం పనులు లేని రోజుల్లో, ఉన్న రోజుల్లోనూ, ఆమెకు ఆధారం గొర్రెల మంద. వాటితో పాటు నాలుగు మేకలు. ఆ మంద మేసేది ఈ మెరక మీదే. బీడే కదా అని ఎవరూ ఎప్పుడూ వద్దనలేదు. ఆమె కూతురు గ్లోరి విజయవాడలో నర్సింగు చదువుతోందంటే ఆ గొర్రెల పుణ్యమే. ఇప్పుడు మెరక చుట్టూ ఫెన్సింగు పడుతుందని తెలిసి, జోజమ్మ తిరువూరు వచ్చి హనుమాయమ్మ గుమ్మంలో కూలబడింది.

"కంచె వేసేస్తే మందనేం చేసుకోనండి అమ్మగారూ. అమ్మేసుకోవటమే. పిల్ల చదువు సగంలో ఉంది." 

హనుమాయమ్మ గుండె తరుక్కుపోయింది. ఆ రాత్రే మొగుణ్ణి పట్టుకుంది. దారి మీ చేతిలో ఉంది, ఆ పిల్ల చదువయ్యేదాకా మందకు ఏదో దారి చూపించమని కంపెనీవాళ్ళని అడగమంది. ఆయన అంతా విని ఊఁ అన్నాడు. తరవాత, రేపు ఎండ ఎలా ఉంటుందంటావే అని అడిగాడు. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు కంపెనీ తరఫున గురుచరణ్ అనే కుర్రాఫీసరు సంతకాల కోసం ఇంటికి వచ్చాడు. విజయవాడ కుర్రాడు, మర్యాదస్తుడు. పాపం, అతనికి కుర్చీ పెరట్లో ఎండలో వేశారు. హనుమాయమ్మ మజ్జిగ ఇచ్చి, వంటింటి కిటికీ దగ్గర చెవి పెట్టుకుని నిలబడింది, ఇప్పుడైనా జోజమ్మ మాటెత్తుతాడేమోనని.

"మీ ప్యానెలు కింది అంచు మోకాలెత్తున ఉంటుందన్నారు కదా బాబూ. అది చాలదు. నడుమెత్తుకు లేపాలి," అన్నాడు వెంకటాద్రి గారు.

"ఎందుకు సార్?"

"మూరెడు లేపితే సూర్యుడికి దగ్గరవుతుంది."

గురుచరణ్‌కు తాగుతున్న మజ్జిగ పొలమారింది. "సార్, సూర్యుడు కోట్ల మైళ్ళ దూరంలో ఉంటాడు."

"కాదన్నానా. మూరెడు లేపితే ఆ దూరం తగ్గుతుందా, పెరుగుతుందా?"

"తగ్గుతుంది గానీ..."

"తగ్గుతుందని నువ్వే అన్నావు. లేపెయ్యి."

ఇనుము ఎక్కువ పడుతుందని చెప్పి చూశాడు కుర్రాడు. గాలికి ఊగుతుందని, పునాది లోతు పెంచాలని చెప్పాడు. అన్నిటికీ ఒకటే జవాబు. మూరెడు. చివరికి చెమట తుడుచుకుంటూ, పై వాళ్ళతో మాట్లాడతానని లేచి వెళ్ళిపోయాడు. కిటికీ వెనక హనుమాయమ్మ తల కొట్టుకుంది.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. టీకొట్టు దగ్గర ఏసోబు, గ్లాసు మూరెడు ఎత్తి ఇమ్మంటారా కంట్రోలరు గారూ, తొందరగా చల్లారదు అన్నాడు. క్షవరం చేయించుకోవడానికి వెళితే, కుర్చీ పైకి లేపమంటారా అని మంగలి అడిగాడు. వెంకటాద్రి గారు అందరితోపాటు తనూ నవ్వి, లేపు అన్నాడు. నవ్వనిది సుందరరాజొక్కడే. మెరక మీద అందరికన్నా ఎక్కువ భూమి ఆయనది. మిగతావాళ్ళంతా సంతకాలు పెట్టి కూర్చున్నారు, మీ పిచ్చికి విసుగొచ్చి కంపెనీ వేరే ఊరు చూసుకుంటే ఎవరిది పాపం అని ఇంటికొచ్చి మరీ నిలదీశాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం, మూరెడేగా అన్నాడు ఈయన. సరేలే, పిచ్చివాడితో వాదనేంటని ఆయనా విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

హనుమాయమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఆ పట్టుదలేదో జోజమ్మ కోసం పట్టొచ్చుగా. ఎండకున్న విలువ మనిషికి లేదండీ మీ దగ్గర," అని మొహాన అనేసింది. అని ఊరుకోకుండా ఆయన భోజనం కంచం తీసుకెళ్ళి వసారాలో మంచి చిక్కటి నీడ చూసి అక్కడ పెట్టింది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఆవిడకు తోచలేదు. ఆయన కిక్కురుమనకుండా అక్కడే కూర్చుని తిన్నాడు, మారు కూడా అడిగి వడ్డించుకున్నాడు. అప్పుడైనా ఆవిడకు అనుమానం రావలసింది. కోపంలో ఉన్న మనిషికి అనుమానాలెక్కడ వస్తాయి.

కొన్నాళ్ళకు కంపెనీ దిగొచ్చింది. ఇనుము పోతే పోయింది, దారి దొరికితే చాలనుకున్నారు కాబోలు. ముందు ఒక్క వరస నడుమెత్తున నిలబెట్టి చూపిస్తామని, అది చూసి అక్కడే సంతకం పెట్టాలని కబురు పంపారు. ఆ రోజు పెనుగొలను మెరక మీద షామియానా వేశారు, కుర్చీలు వేశారు. రైతులందరూ వచ్చారు. టీ పోయడానికి ఏసోబు వచ్చాడు. హనుమాయమ్మ కూడా, అలక అలాగే ఉంచుకుని వచ్చింది. కాస్త దూరంలో జోజమ్మ మందతో సహా వచ్చి నిలబడింది. కంట్రోలరు గారు రమ్మన్నారని ఎవరో చెబితే వచ్చిందట, ఎందుకో ఆమెకూ తెలియదు. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. వెంకటాద్రి గారు ముందు వరసలో తనకేసిన కుర్చీ వంక చూడనైనా చూడకుండా, యథాప్రకారం బయట నిలబడ్డాడు.

గురుచరణ్ కాగితాలు, పెన్నూ పట్టుకుని ఆయన దగ్గరకే వెళ్ళాడు. సూర్యుడికి దగ్గరగా ఉందా సార్ అని అడిగితే షామియానా అంతా నవ్వింది. ఉందయ్యా, చాలా బాగుందన్నాడు వెంకటాద్రి గారు. పెన్ను తీసుకున్నాడు. తీసుకుని, మూత విప్పకుండా, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"వానలు పడితే ఇక్కడ గడ్డి ఏపుగా వస్తుంది బాబూ. పెరిగి ప్యానెళ్ళ మీద నీడ పడితే ఎండ పోతుంది కదా. మరి దాన్నేం చేస్తారు?"

"మిషన్లతో కోయిస్తాం సార్."

"మిషన్లు దేంతో తిరుగుతాయి?"

"డీజిల్‌తో సార్."

"ఆ డీజిలు ఎక్కడిది?"

గురుచరణ్ నోరు తెరిచేలోపు షామియానా వెనకనుంచి ఏసోబు, ఓడలో వస్తుందండి అని అందించాడు. జనం మళ్ళీ నవ్వారు. వెంకటాద్రి గారు నవ్వలేదు. 

"ఎండతో కరెంటు తీయడానికి వచ్చి, దాని కింద గడ్డి కోయడానికి ఓడ తెప్పిస్తావా నాయనా," అని ఎంతో జాలిగా అడిగాడు. కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. అప్పుడాయన వెనక్కి తిరిగి చెయ్యూపాడు. "జోజమ్మా, మందను ఇటు తోలు."

జోజమ్మ బిక్కుబిక్కుమంటూ తోలింది. గొర్రెలన్నీ తలలు దించుకుని ప్యానెళ్ళ కిందికి దూరాయి. అన్నిట్లోకీ పెద్ద పొట్టేలు కూడా వీపుకు ఏమీ తగలకుండా హాయిగా లోపలికి వెళ్ళింది. మోకాలెత్తున ఉంటే గొర్రెపిల్ల కూడా పట్టదు. కింద నీడలో గడ్డి పరపరా మేస్తున్న మందను చూస్తూ హనుమాయమ్మ కుర్చీలో కదలకుండా కూర్చుండిపోయింది. ఆ మూరెడు ఎవరికోసమో ఆవిడకు అర్థమైంది. గొర్రెల కోసం ఆగమంటే సుందరరాజు ఒక్క పూట ఆగేవాడు కాదు, కంపెనీ వినేదే కాదు. సూర్యుడి కోసం అన్నాడు కనక అందరూ నవ్వుకుంటూ ఆగారు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎన్నెన్ని మాటలంది. ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతా బాగానే ఉండేది, మేకలు లేకపోతే. మందలో ఒక మేక కింద గడ్డి రుచి చూసి, నచ్చలేదో ఏమో, ఎగిరి ప్యానెలు మీదికెక్కింది. ఎక్కి, ఆ నున్నటి నల్లటి అద్దం మీద నాలుగు కాళ్ళూ కూడదీసుకుని నిలబడి, ఊరందరి వంకా చూసింది. ఇంకో మేక తీగలు నమలడం మొదలుపెట్టింది. గురుచరణ్ మొహం పాలిపోయింది. 

"సార్, ఇది కుదరదు. క్షమించండి," అన్నాడు.

జోజమ్మ పరుగెత్తుకెళ్ళి మేకను దించింది. షామియానాలో ఎవరూ నవ్వలేదు. వెంకటాద్రి గారు లెక్క అంతా గొర్రెలతోనే వేసుకున్నాడు, మేకల సంగతి మరిచాడు. బస్టాండు మనిషికి మేక బుద్ధి ఎలా తెలుస్తుంది.

జోజమ్మే ధైర్యం చేసి కుర్రాడి ముందుకు వచ్చింది. "గొర్రె ఎక్కదండి బాబూ. తల దించుకుని మేసుకుపోద్ది. ఎక్కేది మేకే. ఈ నాలుగింటినీ సంతలో ఇచ్చేసి గొర్రెల్ని తెచ్చుకుంటానండి. ఒక్క మేకనీ గేటు లోపలికి రానివ్వను. నా కూతురి మీద ఒట్టండి."

గురుచరణ్ ఆమె వంకా, పొట్టేలు వంకా, మూత విప్పని పెన్ను వంకా చూశాడు. తరవాత ఫోను చెవికి పెట్టుకుని గట్టు దాకా నడిచాడు. అక్కడ అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడాడు. డీజిలు అన్న మాట, ఓడ అన్న మాట ఇక్కడిదాకా వినిపించాయి. సుందరరాజు లేచి నిలబడి, రానిమ్మందాం, గొర్రెలేం చేస్తాయి అని పక్కవాళ్ళతో అనడం మొదలుపెట్టాడు. నిన్నటిదాకా విసుక్కున్న మనిషే. జనం అవునవునన్నారు. 

కుర్రాడు నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. "సరేనన్నారు సార్. గొర్రెలైతేనే. ఒప్పందంలో రాయిస్తాం. గేటు తాళంచెవి ఒకటి ఈవిడకూ ఇమ్మన్నారు."

వెంకటాద్రి గారు పెన్ను మూత విప్పి సంతకం పెట్టాడు. జోజమ్మ గ్లోరికి ఫోను కలిపి, కలిసిన తరవాత కూడా, ఓసినీ, ఓసినీ అనడం తప్ప ఏమీ చెప్పలేదు.

కాసేపటికి హనుమాయమ్మ ఆయన కుర్చీ వైపు చూస్తే, అందులో జోజమ్మ కూర్చుని ఉంది. ముందు వరసలో, రైతుల మధ్య, దర్జాగా వెనక్కి వాలి టీ తాగుతోంది. అదేంటని ఎవరికీ అనిపించలేదు. ఖాళీ కుర్చీ కదా. హనుమాయమ్మ దానివంక చూస్తూ, చూస్తూ, లేచి ఎండలోకి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"నువ్వెందుకొచ్చావే? లోపలికి పో, నీకు ఎండ పడదు," అన్నాడాయన గాభరాగా.

"మీకు పడుతుందేంటి?"

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ వినడంలేదని ఖాయం చేసుకున్నాక గొంతు బాగా తగ్గించాడు. "పడదు. మొదట్నించీ పడదు. తల పగిలిపోతుంది."

హనుమాయమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరి ఇన్నాళ్ళూ ఈ వేషమేంటని అడిగింది.

"బస్టాండులో నీడ ఎంతుండేదే? జనం ఎంతుండేవాళ్ళు? మామూలు మనిషి లేచి కూర్చోమంటే ఎవరూ కూర్చోరు, మొహమాటపడతారు. అదే పిచ్చోడు లేచాడనుకో, హాయిగా కూర్చుంటారు. ఇంట్లో ఒకటి, బయట ఒకటి అయితే అది పిచ్చని ఎవరు నమ్ముతారే?"

ఆవిడ కొంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడిచింది. అంతమందిలో ఆవిడ అలాంటి పని చేయడం అదే మొదలు. ఆయన సిగ్గుపడి, ఈ సంగతి ఎవరితోనూ అనకు, పరువు పోతుందన్నాడు. అననులెండి అంది.

తిరుగు ప్రయాణానికి యోసేపు నడిపే షేర్ ఆటో సిద్ధంగా ఉంది. వెనక సీట్లో ఒకపక్క ఎండ దంచేస్తోంది, రెండోపక్క చల్లగా నీడ. వెంకటాద్రి గారు అలవాటుగా ఎండపక్కకు కాలు పెట్టబోతుంటే హనుమాయమ్మ ఆయన్ని తోసుకుని ముందే ఎక్కి అక్కడ కూర్చుంది. 

"ఇవాళ్టినుంచి నాక్కూడా ఎండ పిచ్చి పట్టింది యోసేపూ. ఇటు కూర్చోకపోతే నాకు ఊపిరాడదు," అంది, ఆటోలో అందరికీ వినపడేలా.

నలుగురి ముందు వెంకటాద్రి గారేమనగలడు. యోసేపు మాత్రం అద్దంలోంచి ఆయన వంక జాలిగా చూసి, ఇంట్లో ఇద్దరికీ పట్టిందా అండి అన్నాడు. పెద్దాయన నీడపక్కన సర్దుకుని కూర్చున్నాడు. ఆటో కదిలింది, గాలి చల్లగా తగిలింది. తిరువూరు ఇంకా చాలా దూరం ఉండగానే ఆయన హనుమాయమ్మ భుజం మీద తల వాల్చి గురక పెట్టాడు.